కొసరు కింద పోయిన బస్సు ఆట

మా నల్లగండ్ల అపార్ట్‌మెంట్‌లో నాలుగో అంతస్తు ఆయన మొన్న లిఫ్టులో కనబడి, "ఒక వీడియో గేమ్‌కు నాలుగు వేలటండీ, అందులో ఏముందని? ఇప్పుడు ప్లాస్టిక్ ముక్క కూడా ఇవ్వరు, ఉత్త డౌన్‌లోడే," అన్నాడు. ఎవరో ఊరికే దొరికే చోటు చెప్పారట, అక్కణ్ణుంచి దించేసుకున్నాడట. ఆయనది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆయన తయారుచేసేది కూడా చేత్తో పట్టుకునే వస్తువు కాదు. అయినా నెల తిరిగేసరికి జీతం పడకపోతే ఇల్లు పీకి పందిరేస్తాడు. ఆ మాట మొహం మీదే అనేద్దామనుకున్నాను. అనలేదు. మర్యాద కోసం కాదు. ఈ విషయంలో ఇంకొకరిని అనడానికి నాకు నోరు లేదు.

నేను ఆటలు తయారుచేసిన మనిషిని. ఆటలు అనకూడదేమో, ఒక్కటే ఆట. తొంభైల చివర్లో, మాదాపూర్‌లో గుండ్రటి అద్దాల భవనం లేచిన కొత్తలో, దానికి కూతవేటు దూరంలో ఒక డాబా మీద రెండు గదులు కిరాయికి తీసుకుని ఇద్దరం పనిచేశాం. ఒకరు మా సారు. అనంతపురం వైపు ఆయన, నాకంటే పదేళ్ళు పెద్ద. పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పే ఉద్యోగం మానేసి వచ్చాడు. ప్రోగ్రాం అంతా ఆయన రాసేవాడు, బొమ్మలన్నీ నేను గీసేదాన్ని. మాది గోపన్‌పల్లి. అప్పటికి అది ఊరే. ఆ ఉద్యోగంలో చేరకముందు నేను చందానగర్‌లో ఒక డీటీపీ సెంటర్లో పెళ్ళికార్డుల మీద వినాయకుణ్ణీ, అరటిచెట్లనూ అమర్చేదాన్ని. సారు ఒక చుట్టాల పెళ్ళికార్డు వేయించుకోవడానికి వచ్చి, నేను మూలన గీసిన చిన్న ఎడ్లబండిని చూసి, "దీన్ని నడిపించగలవా పాపా?" అని అడిగాడు. బొమ్మను నడిపించవచ్చని నాకు అంతవరకు తట్టలేదు.

మేం చేసింది బస్సు ఆట. లింగంపల్లిలో సిటీ బస్సు ఎక్కి స్టీరింగ్ పట్టుకుంటే కోఠీ దాకా తీసుకెళ్ళాలి. స్టాపులో ఆపకపోతే జనం తిడతారు, ఆపితే టైము పోతుంది. దారిలో పెళ్ళి బరాత్ అడ్డం వస్తుంది, రోడ్డు మీద ఆరబోసిన వడ్లు వస్తాయి, బర్రెలు వస్తాయి. నేను బర్రె అంటాను, సారు ఎనుము అంటాడు, తరువాత మా ఆటను అమ్మిపెట్టిన కోస్తా ఆయన గేదె అనేవాడు. ఎవరేమన్నా దాన్ని గీయడానికి నాకు పందొమ్మిది రోజులు పట్టింది. నాలుగు దిక్కులకు నడవాలి, ఒక్కో దిక్కుకు ఎనిమిది బొమ్మలు, మధ్యలో ఆగి తోక ఆడించాలి. ఆట ఖరీదెంత అని అడిగేవాళ్ళకు ఆ పందొమ్మిది రోజులు కనబడవు. బర్రె రోడ్డు దాటడం మాత్రమే కనబడుతుంది, అదీ విసుగ్గా.

మధ్యాహ్నం పూట మా చుట్టూ బండలు పేల్చేవాళ్ళు. పేల్చే ముందు వేసే ఈల వినబడగానే సారూ నేనూ చెరో మానిటర్‌ను రెండు చేతులా పట్టుకుని నిలబడేవాళ్ళం, అదిరి కింద పడకుండా. ఆటలో దారి పక్కన వచ్చే బండలన్నీ నేను కిటికీలోంచి చూసి గీసినవే. పొద్దున గీసిన బండ కొన్నిసార్లు సాయంత్రానికి కంకర అయిపోయేది. అందుకని భోజనం కూడా మానుకుని గబగబా గీసేదాన్ని. అది ఉద్యోగమని నాకెప్పుడూ అనిపించలేదు, అంత సంతోషంగా ఉండేదాన్ని.

సారుకు మాత్రం గడువుంది. ఆయన భార్య ఒక మాట మీద ఒప్పుకుంది. ఏడాదిన్నర ఆయన ఇష్టం, ఆ తరువాత మామగారు చెప్పిన ఉద్యోగంలో చేరాలి. ఆ ఉద్యోగమేమిటంటే, రెండు వేల సంవత్సరం వస్తే పాత ప్రోగ్రాములు తేదీలు తప్పుతాయని అందరూ హడలిపోతున్న రోజులవి, ఆ ప్రోగ్రాముల్లో రెండంకెలున్న చోటల్లా నాలుగంకెలు చేసే పని. సారు దాన్ని తలుచుకుంటేనే ముడుచుకుపోయేవాడు. ఆయన బ్యాగులో ఎప్పుడూ రెండు లావుపాటి నోటుపుస్తకాలుండేవి. అందులో రెండో ఆట ఉంది. కొండ మీద కోట, కింద ముట్టడి, కోటలో నీళ్ళు ఎన్నాళ్ళు వస్తాయన్నదే ఆట. కరువు చూసిన మనిషి తప్ప ఇంకెవరూ అటువంటి ఆట ఊహించలేరు. బస్సు ఆట అమ్ముడుపోతే కోట ఆటకు పెట్టుబడి దొరుకుతుంది, సారు మిగులుతాడు. పోకపోతే అంకెలు దిద్దడానికి వెళ్ళిపోతాడు. మా ఇద్దరికీ ఇది తెలుసు, రోజూ తెలుసు.

అమ్మిపెట్టడానికి సికింద్రాబాద్‌లో ఒక డిస్ట్రిబ్యూటర్ ఒప్పుకున్నాడు. కోస్తా ఆయన, తెల్ల చొక్కా, తీరిగ్గా మాట్లాడేవాడు. ఆటకు ధర ఎంత పెట్టాలని కూర్చున్న రోజు నేను బర్రె గురించి చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, "మీ కష్టం కాదననండి. కానీ కొనేవాడు మీ కష్టానికి కట్టడండి, డిస్కు ఖరీదుకూ కట్టడు. డిస్కు ఖరీదెంత, టిఫిన్ అంత. వాడు కట్టేది అమ్ముడుపోని డిస్కులకండి. పది కొట్టిస్తే మూడు పోతాయి. ఆ మూడు కొన్నవాళ్ళే మిగతా ఏడింటికీ కట్టాలి," అన్నాడు.

"అయితే ధర తగ్గిస్తే పదీ పోతాయి గదా?" అన్నాడు సారు.

"తగ్గిస్తే పోతాయండి. పోతాయని నమ్మకముంటే తగ్గిస్తానండి."

పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కాదు, పెళ్ళయితే గాని పిచ్చి కుదరదు. విదేశీ ఆటల అసలు డిస్కులు అప్పుడు రెండు వేలకు పైన ఉండేవి, కోఠీ ఫుట్‌పాత్ మీద అవే ఆటలు నలభైకీ యాభైకీ దొరికేవి. చివరికి మాది మూడు వందల తొంభై తొమ్మిదికి తేలింది. అందులో ఒక వాటా దొంగల కోసం పెట్టిన ఖర్చే. ఆట మొదలయ్యే ముందు ఒక ప్రశ్న అడిగేది, డబ్బాలో వచ్చే పుస్తకంలో ఫలానా పేజీలో ఫలానా వరసలో ఉన్న మాటేమిటని. జవాబు కొడితేనే బస్సు కదులుతుంది. ఆ పుస్తకాన్ని జిరాక్స్ తీయకుండా ముదురు ఎర్ర కాగితం మీద నల్ల అక్షరాలతో అచ్చు వేయించాం. జిరాక్స్ తీస్తే ఉత్త నల్లగా వస్తుంది. ఖరీదైన కాగితం. దొంగను ఆపడానికి పెట్టిన ఖర్చు కొన్నవాడి నెత్తిన పడింది, పైగా ట్యూబులైటు వెలుతురులో అదేం రాసుందో కొన్నవాడికే కనబడదు.

ఇప్పుడు మా అన్న గురించి చెప్పాలి. చందానగర్ మార్కెట్ వెనక వరసలో అన్నకు ఒక మడిగె, అంటే చిన్న దుకాణం, ఉండేది. విడిభాగాలు తెచ్చి కంప్యూటర్లు బిగించి అమ్మేవాడు. మా వైపు ఏది కొన్నా కొసరు అడుగుతారు. కిలో టమాటలు కొంటే నాలుగు పచ్చిమిరపకాయలు, ఓ కరివేపాకు రెబ్బ వేయించుకోకుండా కదలరు. కంప్యూటర్ కొన్నా అంతే. "గిన్ని పైసలు పెడుతున్న, గేములెన్ని ఏసిస్తవ్?" అనేది మొదటి ప్రశ్న. "యాభై ఏస్త, ఫికర్ జెయ్యకు," అనేవాడు అన్న. ఆయన దగ్గర ఆటలతో నింపిన హార్డ్ డిస్క్ ఒకటుండేది. బిగించిన ప్రతి కంప్యూటర్‌లోకి అదంతా ఎక్కించి పంపేవాడు. ఎక్కించనంటే గిరాకీ పక్క మడిగెకు పోతుంది. ఆ వరసలో దుకాణాలవాళ్ళు వారానికోసారి హార్డ్ డిస్కులు మార్చుకునేవాళ్ళు కూడా. కొత్త ఆట ఎవరి దగ్గర ముందు కనబడితే ఆ వారం వాడిదే పెద్దరికం.

నేను దాన్ని ఎన్నడూ తప్పనుకోలేదు. నిజం చెప్పాలంటే నేను బర్రెను గీసిన సాఫ్ట్‌వేర్ కూడా అన్న హార్డ్ డిస్క్‌లోంచి వచ్చిందే. దాన్ని ఎవరో ఎక్కడో ఎన్ని రోజులు కూర్చుని రాశారో ఒక్క రోజు కూడా ఆలోచించలేదు. తన దాకా వస్తే గాని తెలియదంటారు, నా దాకా వచ్చింది.

ఆట విడుదలకు ముందు రకరకాల కంప్యూటర్ల మీద ఆడించి చూడాలి. మా గదుల్లో ఉన్నవి రెండే, రెండూ కిరాయివి. అన్న మడిగెలో రోజూ కొత్త కొత్త విడిభాగాలు. అక్కడికి తీసుకెళ్తానన్నాను. ప్రతిసారీ ఎర్ర పుస్తకం తెరిచి మాట వెతకాలంటే అన్నకు విసుగని, ప్రశ్న అడగని డిస్కు ఒకటి రాసిమ్మని సారును అడిగాను. ఆ వారమే డిస్ట్రిబ్యూటర్ కూడా దుకాణాలకు చూపించడానికని అటువంటిదే ఒకటి తీసుకెళ్ళాడు. సారు నా చేతిలో డిస్కు పెడుతూ ఒక్క మాట అడిగాడు.

"మీ అన్న అంగట్లో భద్రంగా ఉంటుంది గదా పాపా?"

"మా అన్న సార్," అన్నాను, ఇంకేం అడుగుతారన్నట్టు.

మూడు రోజులు అక్కడ కూర్చున్నాను. సౌండు కార్డు మారిస్తే హారన్ మోగని తప్పొకటి పట్టుకున్నాను. అన్నా నేనూ పందెం వేసుకుని ఆడాం, అన్నే గెలిచాడు. నాలుగో రోజు డిస్కు తెచ్చి సారు సొరుగులో పెట్టేశాను. డిస్కు తిరిగొస్తే ఆట తిరిగొచ్చినట్టే అనుకున్నాను. కంప్యూటర్లతో పనిచేసేదాన్ని, ఆ మాత్రం తెలియకపోలేదు. కానీ అన్న విషయంలో ఆ తెలివి వాడాలని తోచలేదు.

ఆట విడుదలైన రోజు మాదాపూర్ గదిలో కొబ్బరికాయ కొట్టి, డబ్బాకు కుంకుమ పెట్టాం. సారు భార్య పులిహోర చేసి పంపింది. నెల గడిచింది. మా అమ్మ ఒకరోజు, "చందానగర్ల ఏ ఇంటి ముంగటికెల్లి పోయినా నీ బస్సు హారనే ఇనవడుతుందే," అని సంబరంగా చెప్పింది. నేను ఆ మాట మోసుకెళ్ళి సారుకు చెప్పాను, అమ్మకాలు బాగున్నట్టున్నాయి సార్ అని. ఆయన ముఖం వెలిగింది. ఆ రోజు కోట ఆట నోటుపుస్తకం తెరిచి, కోటలో బావులెన్నో నాతో లెక్కపెట్టించాడు. రెండో నెలలో దుకాణాల నుంచి డబ్బాలు వెనక్కి రావడం మొదలైంది. విప్పని డబ్బాలు. ఊరంతా చుట్టాలే, ఉట్టి కట్టడానికి తావు లేదు. ఊరంతా మా బస్సు నడుపుతోంది, టికెట్టు మాత్రం ఒక్కరూ తీసుకోలేదు.

ఒక ఉదయం సారు కోఠీ నుంచి ఒక డిస్కు తెచ్చాడు. పల్చటి ప్లాస్టిక్ సంచి, మీద బాల్‌పెన్నుతో ఆట పేరు. దాన్ని కంప్యూటర్‌లో పెట్టాడు. ఆట ప్రశ్న అడగకుండానే మొదలైంది. ఎక్కువ మార్కులు తెచ్చుకున్న డ్రైవర్ల పట్టిక తెర మీదికి వచ్చింది. పైన రెండు పేర్లున్నాయి. మొదటిది అన్నను ఇంట్లో పిలిచే ముద్దుపేరు. రెండోది నాది. మా ఇంటి గడప దాటి ఎవరికీ తెలియని పేర్లు. ఆ మూడు రోజుల పందెం అలాగే ఉంది.

"చూడు పాపా," అన్నాడు సారు, వేలితో తెర మీద నా పేరును తాకుతూ. "దొంగనాయాళ్ళు, పేర్లు గూడా రాసుకున్నారు. ఇదంతా ఆ సికింద్రాబాద్ డిస్ట్రిబ్యూటర్ గోడౌన్ పనే. మనం ఇచ్చినవి రెండు డిస్కులు. ఒకటి నువ్వు తెచ్చి నా సొరుగులో పెట్టినావు. రెండోది తిరిగి ఇయ్యనోడు ఆయప్పే."

నేను చెప్పాల్సిన క్షణం అదే. చెప్పలేదు. భయమేసింది. ఉద్యోగం పోతుందని కాదు, నన్ను చూసే ఆయన కళ్ళు మారతాయని. అన్నను దొంగ అంటాడని. "అయి ఉంటారు సార్," అన్నాను. గొంతు వణకలేదు కూడా. వణికి ఉంటే ఆయన కనిపెట్టేవాడేమో.

అక్కణ్ణుంచి తిన్నగా చందానగర్ వెళ్ళి అన్నతో పోట్లాడాను. అన్నకు నా కోపం అర్థం కాలేదు.

"ఏందే, గంత కోపమెందుకు? నీ గేమే గదా. లింగంపల్లి దాంక నీ బర్రెను గుర్తువడుతున్నరు. మా చెల్లె జేసిందని ఎంతమందికి చెప్పిన్నో ఎర్కనా?"

"పేరు కాదన్నా. అది అమ్ముడుపోవాలె. గట్లయితేనే మా సారు ఉంటడు."

"నేనేమన్న అమ్మిన్నా? ఒక్క పైస తీస్కున్ననా? ఊకెనే ఇచ్చిన. కోఠీల అమ్ముకున్నోడు దొంగ. ఊకె ఇచ్చినోడు దొంగెట్లయితడు?"

ఇన్నేళ్ళుగా వెతుకుతున్నా ఆ ప్రశ్నకు అన్నకు అర్థమయ్యే జవాబు నాకు దొరకలేదు. చదువుకున్నవాళ్ళకు చెప్పే జవాబులు చాలా ఉన్నాయి, అవి నా అన్న ముందు నిలబడవు. ఆయన పచ్చిమిరపకాయలు వేసినట్టే వేశాడు, ఇంకా ప్రేమగా వేశాడు. నా పని మీద గర్వంతో నా పనిని ఊరికి పంచిపెట్టాడు. కోఠీవాడు నన్ను దోచుకుంటే తిట్టుకుని బతికేదాన్ని. నాకు ఆ అదృష్టం కూడా లేదు.

నాలుగు రోజులకు డిస్ట్రిబ్యూటర్ తనే మాదాపూర్ వచ్చాడు. మెట్లెక్కి ఆయాసపడుతూ కుర్చీలో కూర్చుని, జేబులోంచి మడిచిన ఒప్పందం కాగితం తీసి బల్ల మీద పెట్టాడు.

"మొదటిది పోయిందండి, దాని గురించి ఏడవొద్దు. కానీ ఊళ్ళో ఇంటింటికీ తెలిసిన ఆట మీదొక్కటే. అది ఊరికే రాదండి. రెండోది తొంభై తొమ్మిదికి పెడదాం. డబ్బా వద్దు, ఎర్ర పుస్తకం వద్దు, ప్రశ్నలూ వద్దు. కాపీ కొట్టించుకునే శ్రమ కన్నా కొనుక్కోవడం తేలిక కావాలి, అంతే. అది తయారయ్యే ఆరు నెలల ఖర్చూ నేను పెట్టుకుంటానండి."

నేను చాయ్ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాను. సారు కాగితం వైపు చూశాడు. కోట ఆట, ఆయన ఏడాదిన్నర, నా ఉద్యోగం, అన్నీ ఆ మడతలో ఉన్నాయి. ఆయన దాన్ని తాకలేదు.

"మీ గోడౌన్లోంచి మా సొమ్ము తీసి పంచిపెట్టి, ఇప్పుడు మీరే బేరానికి వచ్చినారా?" అన్నాడు.

డిస్ట్రిబ్యూటర్ కుర్చీలో ముందుకు జరిగాడు. "మీరిచ్చిన డిస్కు నా బీరువాలో తాళం కింద ఉందండి. ఇప్పుడే రండి, చూపిస్తాను," అన్నాడు.

"బీరువాలో ఉంటే? కాపీ తీసినాక బీరువాలో పెట్టుకోవచ్చు గదా."

మా అన్న మడిగెలో జరిగింది కళ్ళతో చూసినట్టే సారు ఆ మాట అన్నాడు. నేను తెచ్చి తన సొరుగులో పెట్టిన డిస్కుకూ సరిగ్గా అదే మాట వర్తిస్తుందని ఆయనకు తట్టలేదు, నా మీద నమ్మకం అంతటిది. డిస్ట్రిబ్యూటర్ లేచాడు. కాగితాన్ని ఉన్న మడతల మీదే మడిచి జేబులో పెట్టుకున్నాడు. నా పక్కనుంచి వెళ్తూ, "చాయ్ వద్దమ్మా," అన్నాడు మెల్లగా. మెట్లు దిగుతున్న చప్పుడు చివరిదాకా విన్నాను. పరుగెత్తి వెళ్ళి పిలవడానికి ఆ మెట్లన్నీ ఉన్నాయి. నేను గ్లాసులు తీసుకెళ్ళి పంపు కింద పెట్టాను.

రేపు చెబుదాం, రేపు చెబుదాం అని ఆరు వారాలు గడిపాను. ఈలోగా సారుతో కలిసి దొంగలను తిట్టాను. పేపర్‌కు ఉత్తరం రాద్దామంటే నేనే చక్కటి దస్తూరితో రాసి పెట్టాను, కళాకారుల పొట్ట కొట్టే నీచుల గురించి. దాన్ని వాళ్ళు వేయలేదు, అది ఒక్కటే మేలు. ఆయన గడువు అయిపోయింది. కిరాయి కంప్యూటర్లు తిరిగిచ్చేశాం. అమ్ముడుపోని డబ్బాలను గోనెసంచుల్లో కట్టి పాత పేపర్లవాడికి ఇస్తే, ఎర్ర కాగితం రంగు దిగుతుందని వాడు పుస్తకాలు వద్దన్నాడు.

కొత్త ఉద్యోగంలో చేరేముందు పాత ప్రోగ్రాములు ఇంట్లో సాధన చేసుకోవడానికి సారుకు ఒక కంప్యూటర్ కావలసి వచ్చింది. "మీ అన్న దగ్గరే తీసుకుంటా పాపా, నాలుగు రూపాయలు మనవాడికే పోనీ," అన్నాడు. వద్దనడానికి కారణం చెప్పలేకపోయాను. ముందు రోజే వెళ్ళి అన్నను బతిమాలాను, ఆట ఊసెత్తొద్దని, ఆ కంప్యూటర్‌లో అది వేయొద్దని. "సరే తియ్యే," అన్నాడు. అన్నంత మంచివాడు లేడు, అన్నంత నోరు ఆగనివాడూ లేడు.

మరునాడు సారు స్టూలు మీద కూర్చుని తెర వంక చూస్తుండగా అన్న వేడివేడి చాయ్ తెప్పించాడు. నేను సైగ చేస్తూనే ఉన్నాను. అన్నకు నేను కనబడలేదు, సారే కనబడ్డాడు.

"సార్, గా బస్సు గేమ్ మీరే గదా జేసింది. మీ గేమ్ లేకుంట నా మడిగెలకెల్లి ఒక్క కంప్యూటర్ బయటికి పోలే సార్. గిందుల గూడ ఏసిన. అసలు అందరికన్న ముంగట సురువు జేసిందే నేను. మా చెల్లె తెచ్చిన డిస్క్‌కెల్లి."

"పాప తెచ్చిన డిస్కా?" అన్నాడు సారు.

"ఔ సార్. పరీక్షకని తెచ్చింది గదా, గప్పుడే ఎక్కించి పెట్టిన."

సారు నా వైపు తిరగలేదు. చాయ్ గ్లాసును బల్ల మీద పెట్టి, తెర మీద మా బస్సు బొమ్మ వంక కాసేపు చూశాడు.

"ఆ ఆట లేకుండా అయితే ఎంతకిస్తావప్పా?" అని అడిగాడు.

"గదే రేటు సార్," అన్నాడు అన్న, నవ్వుతూ. "గేమ్‌లకు నేను పైసలు తీస్కోను. ఉన్నా గంతే, లేకున్నా గంతే."

"అయితే తీసేయ్."

అన్న నొచ్చుకున్నాడు. ఒకసారి నా వైపు చూసి, మౌస్ పట్టుకున్నాడు. కాగితాలు ఎగిరి చెత్తబుట్టలో పడే బొమ్మ తెర మీద రెండుసార్లు కదిలి ఆగిపోయింది. పద్నాలుగు నెలలు చేసిన ఆటను తీసేయడానికి పట్టింది అంత సేపే.

సామాను ఆటోలో పెట్టడానికి బొంబాయి రోడ్డు దాకా సారు వెంట వెళ్ళాను. ఆయన లోపల కూర్చుని మానిటర్ డబ్బాను ఒళ్ళోకి తీసుకున్నాడు. అప్పుడు మొదటిసారి నా ముఖంలోకి చూశాడు.

"ఆయప్ప కాగితం తెచ్చిన పొద్దు చెప్పింటే నేను సంతకం పెట్టేవాణ్ణి పాపా," అన్నాడు.

తిట్టినట్టు అనలేదు. నాకు తెలియని సంగతి ఒకటి తెలియజేసినట్టు అన్నాడు. తరువాత ఆటోవాడి భుజం తట్టి, డబ్బా బరువుగా ఉంది, గతుకులు చూసి పోనివ్వమన్నాడు.